బరువు తగ్గించే సర్జరీ: ఆపరేషన్ రెండు గంటలే.. అసలు పరీక్ష ముందు, తర్వాతే!

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే మధ్యలో ఒక యాడ్. ఎడమవైపు భారీకాయంతో ఒక ఫొటో, కుడివైపు సన్నబడ్డాక అదే మనిషి ఫొటో. కింద ప్యాకేజీ ధర, ఈఎంఐ సౌకర్యం, 'మూడు రోజుల్లో ఇంటికి' అనే లైన్. హైదరాబాద్, విజయవాడ, విశాఖ.. ఎక్కడున్నా ఇలాంటి ప్రకటనలు కనిపిస్తూనే ఉన్నాయి. కానీ ఆ రెండు ఫొటోల మధ్య ఏం జరిగిందో మాత్రం ఏ యాడూ చెప్పదు.

బేరియాట్రిక్ సర్జరీ మోసమేం కాదు. అలాగని మ్యాజిక్కూ కాదు. విపరీతమైన బరువుతో షుగర్, బీపీ, నిద్రలో ఊపిరాడకపోవడం లాంటి సమస్యలతో నలిగిపోతున్నవారికి అది నిజంగానే కొత్త జీవితం ఇస్తుంది. అయితే ఆపరేషన్ థియేటర్‌లో పట్టే టైమ్ గంటన్నర, రెండు గంటలే. దానికి ముందు కొన్ని వారాలు, ఆ తర్వాత జీవితాంతం పేషెంట్ చేయాల్సిన పని ఉంటుంది. ప్యాకేజీలో అమ్ముతున్నది ఆ రెండు గంటలనే. చిక్కంతా అక్కడే ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి ఇదీ

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మంది మహిళలు, 31.1 శాతం మంది పురుషులు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. తెలంగాణలో మహిళలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. దేశం మొత్తం చూస్తే ఈ సంఖ్య మహిళల్లో 24, పురుషుల్లో 22.9 శాతమే. అంటే రెండు రాష్ట్రాలూ దేశ సగటు కంటే బాగా పైనే ఉన్నాయి. సర్జరీ మార్కెట్ ఇక్కడ పెరగడానికి ఇదే కారణం.

పేరున్న నాయకులూ ఈ సర్జరీ చేయించుకున్నారు. నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో ఈ ఆపరేషన్ చేయించుకున్న విషయం తెలిసిందే. జైట్లీ ఆ తర్వాత ఇన్ఫెక్షన్ రావడంతో ఎయిమ్స్‌లో చేరాల్సి వచ్చింది. ఎంత పెద్ద ఆస్పత్రిలో చేయించుకున్నా తర్వాతి రోజులే కీలకం అనడానికి అదో ఉదాహరణ.

లైపోసక్షన్ వేరు.. ఇది వేరు

బరువు తగ్గే ఆపరేషన్ అనగానే తెలుగు ప్రేక్షకులకు గుర్తొచ్చే పేరు ఆర్తి అగర్వాల్. 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో ఆమె చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. అప్పటి నుంచి చాలామంది రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

లైపోసక్షన్ అంటే చర్మం కింద ఉన్న కొవ్వును పీల్చి తీసేయడం. అది ఆకృతి కోసం చేసేది, ఊబకాయానికి ట్రీట్‌మెంట్ కాదు. బేరియాట్రిక్ సర్జరీలో కొవ్వును ముట్టుకోరు. జీర్ణవ్యవస్థనే మార్చేస్తారు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, మిగిలింది సన్నటి గొట్టంలా చేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి, చిన్నపేగు కింది భాగానికి నేరుగా కలుపుతారు. తిండి తగ్గుతుంది, ఒంటికి పట్టేదీ తగ్గుతుంది. స్లీవ్‌లో తీసేసిన జీర్ణాశయం మళ్లీ రాదు. కాబట్టి 'నచ్చకపోతే చూద్దాంలే' అనుకునే వ్యవహారం కాదిది.

డాక్టర్ ఓకే అన్నా.. ఇన్సూరెన్స్ ఓకే అనదు!

అర్హతను బీఎంఐతో లెక్కిస్తారు. బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే ఇతర జబ్బులు లేకపోయినా సర్జరీ సూచించొచ్చు. 30 నుంచి 35 మధ్య ఉండి షుగర్ లాంటి జబ్బులుంటే పరిశీలించొచ్చు. ఆసియా వాళ్లకు తక్కువ బరువులోనే జబ్బులొస్తాయి కాబట్టి 27.5 నుంచే ఆలోచించొచ్చని కూడా అందులో ఉంది.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూల్ మాత్రం వేరు. వయసు 18 దాటాలి, డాక్టర్ సలహా ఉండాలి. బీఎంఐ 40 ఉండాలి. లేదంటే 35 ఉండి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, కంట్రోల్ కాని టైప్-2 షుగర్ లాంటివి ఉండాలి. డైట్, మందులు వంటి పద్ధతులు ఫలించలేదని కూడా తేలాలి.

ఉదాహరణకు 165 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తి 95 కిలోలుంటే బీఎంఐ 35 అవుతుంది. 40 కావాలంటే 109 కిలోలు ఉండాలి. ఈ రెండింటి మధ్య ఉండి, లిస్టులోని జబ్బులేవీ లేకపోతే డాక్టర్ సర్జరీ చేయొచ్చంటారు, ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ కుదరదంటుంది. పైగా పాత జబ్బులకు 36 నెలల వరకు వెయిటింగ్ పీరియడ్ పెట్టుకునే వీలు కంపెనీలకు ఉంది. అందుకే అడ్మిషన్ డేట్ ఫిక్స్ చేసుకునే ముందే ప్రీ-ఆథరైజేషన్ సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఆ తర్వాత కొనే విటమిన్లు, ప్రొటీన్ పౌడర్లు, వేలాడే చర్మానికి చేసే ప్లాస్టిక్ సర్జరీ లాంటి వాటికి సాధారణంగా జేబులోంచే పెట్టుకోవాలి.

ముందు రెండు వారాలు.. లివర్ కోసం డైట్

ఊబకాయం ఉన్నవారిలో చాలామందికి లివర్‌కు కొవ్వు పట్టి ఉబ్బి ఉంటుంది. జీర్ణాశయానికి పైన అడ్డుగా ఉండేది అదే. దాన్ని జరిపితే కానీ సర్జన్‌కు లోపలి భాగం కనిపించదు. అందుకే ఆపరేషన్‌కు సుమారు రెండు వారాల ముందు నుంచి అన్నం, తీపి, నూనె బాగా తగ్గించి, ప్రొటీన్ ఎక్కువ ఉండే డైట్ ఇస్తారు. దాంతో లివర్ కుంచించుకుపోయి సర్జరీ తేలికవుతుంది. 'ఎలాగూ ఆపరేషన్ అయ్యాక తినలేం కదా' అని ఆ రెండు వారాల్లోనే బిర్యానీ పార్టీలు చేసుకుంటే రిస్క్ చేతులారా పెంచుకున్నట్టే.

సిగరెట్ కనీసం ఆరు వారాల ముందే మానేయాలి. ఈసీజీ, టూడీ ఎకో, ఎండోస్కోపీ, కడుపు స్కానింగ్, థైరాయిడ్, మూడు నెలల షుగర్ టెస్ట్, ఐరన్, బీ12, డీ విటమిన్ పరీక్షలు చూస్తారు. గురక ఎక్కువగా ఉంటే నిద్ర పరీక్ష కూడా అవసరమే. చాలామంది తేలిగ్గా తీసుకునేది మానసిక నిపుణుల కౌన్సెలింగ్. బాధలోనో, ఒత్తిడిలోనో తినే అలవాటు ఉన్నవారికి జీర్ణాశయం చిన్నదైనా ఆ అలవాటు అలాగే ఉంటుంది. దాని సంగతి ముందే చూసుకోవాలి.

ఇప్పుడు కొత్తగా మరో విషయం చేరింది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ ఇంజెక్షన్లు భారత్‌లోకి వచ్చాయి. ఇవి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. వీటిని వాడుతుంటే ఆ విషయం మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. కడుపులో ఆహారం మిగిలి ఉంటే మత్తులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంటుంది.

చెన్నై ఘటన చెప్పిన పాఠం

2024 ఏప్రిల్‌లో పుదుచ్చేరికి చెందిన ఒక యువకుడు చెన్నై శివారులోని ప్రైవేటు ఆస్పత్రిలో బేరియాట్రిక్ సర్జరీకి వెళ్లి ప్రాణాలు కోల్పోయాడు. తమిళనాడు ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ఆ ఆస్పత్రి రిజిస్ట్రేషన్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేశారు. అనుభవం ఉన్న సెంటర్లలో ఈ సర్జరీ వల్ల ప్రాణాపాయం చాలా తక్కువ, వెయ్యి మందిలో ఒకరి చుట్టూనే ఉంటుంది. కానీ ఆ లెక్క వర్తించేది అన్ని వసతులూ ఉన్న చోటే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. కన్సల్టేషన్‌కు వచ్చిన డాక్టరే సర్జరీ చేస్తారా? అదే బిల్డింగ్‌లో ఐసీయూ, వెంటిలేటర్ ఉన్నాయా? అర్ధరాత్రి కాంప్లికేషన్ వస్తే చూసేదెవరు? రెండోసారి ఆపరేషన్ అవసరమైతే ఖర్చు ఎవరిది? ఏడాది పాటు డైటీషియన్ ఫాలోఅప్ ప్యాకేజీలో ఉందా? వీటికి సూటిగా జవాబు రాకపోతే డిస్కౌంట్ ఎంతిచ్చినా ఆగి ఆలోచించాల్సిందే.

మొదటి నెల.. గుక్క గుక్కగా

ఆపరేషన్ రోజు సాయంత్రమో, మర్నాడు ఉదయమో లేపి నడిపిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇది తప్పనిసరి. సాధారణంగా రెండు, మూడు రోజుల్లో డిశ్చార్జ్ చేస్తారు. ఆఫీస్ పనికి ఒకట్రెండు వారాల్లో వెళ్లొచ్చు. బరువులు ఎత్తడం మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు బంద్.

తిండి మెట్లు మెట్లుగా మారుతుంది. మొదట నీళ్లు, పప్పు కట్టు, పలుచటి మజ్జిగ. తర్వాత వడకట్టిన సూప్, పాలు, ప్రొటీన్ డ్రింక్. ఆ తర్వాత మెత్తగా చేసిన పప్పు, గుడ్డు, పెరుగు. మామూలు ముద్ద తినడానికి నెల, నెలన్నర పడుతుంది. ఒకేసారి గ్లాసుడు నీళ్లు తాగడం ఇక కుదరదు. రోజంతా గుక్క గుక్కగా లీటరున్నర దాకా తాగాలి. తినేటప్పుడు, తిన్నాక అరగంట వరకు నీళ్లు ముట్టుకోకూడదు.

ఇక్కడే ఇంట్లోవాళ్ల పాత్ర మొదలవుతుంది. 'నీరసంగా ఉన్నావు, రెండు ముద్దలు తిను' అని అమ్మ, అత్తయ్య ప్రేమగా బలవంతం చేస్తే కుట్లకే ముప్పు. అందుకే డైటీషియన్ దగ్గరికి పేషెంట్‌తో పాటు వంట చేసేవాళ్లనూ తీసుకెళ్లడం మంచిది.

షుగర్, బీపీ మందులు వాడేవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. సర్జరీ తర్వాత షుగర్ రోజుల్లోనే పడిపోవచ్చు. పాత డోసే కొనసాగిస్తే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. డిశ్చార్జ్ రోజే కొత్త డోసు రాయించుకోవాలి.

ఇవి కనిపిస్తే ఆస్పత్రికి పరుగే

గుండె దడ తగ్గకపోవడం, జ్వరం, పెరుగుతున్న కడుపు నొప్పి, ఎడమ భుజం నొప్పి, ఆయాసం.. వీటిని గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. కుట్టిన చోట లీక్ అయితే లక్షణాలు ఇలాగే ఉంటాయి. స్లీవ్ తర్వాత దాదాపు నూటికి ఒకరిలో ఈ సమస్య రావచ్చు. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి. రోజుల తరబడి వాంతులైతే బీ1 విటమిన్ పడిపోయి మెదడు, నరాలు దెబ్బతినొచ్చు. తూలడం, చూపు మసకబారడం లాంటివి కనిపిస్తే గంటల్లో ఇంజెక్షన్ పడాలి. అది ఆలస్యమైతే నష్టం శాశ్వతం కావచ్చు.

మూడో నెల నుంచి అసలు కథ

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు బాగా రాలుతుంది. చాలామంది భయపడేది అప్పుడే. ప్రొటీన్, ఐరన్ సరిగ్గా అందితే అది మళ్లీ వస్తుంది. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. చిన్న కడుపుతో, అందులోనూ శాకాహారులకు, ఇది చేరుకోవడం చిన్న విషయం కాదు. అందుకే ముందు పప్పు, పనీర్, గుడ్డు లేదా చికెన్ తిని, చోటుంటేనే అన్నం తినాలి. బీ12, ఐరన్, క్యాల్షియం, డీ విటమిన్ జీవితాంతం వేసుకోవాలి. ఏటా రక్త పరీక్షలు తప్పవు. బైపాస్ అయినవారు నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోకూడదు, పుండ్లు పడతాయి. మద్యం కూడా మునుపటి కంటే త్వరగా తలకెక్కుతుంది.

ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది మరొకటి ఉంది. పెళ్లి సంబంధాల కోసం తొందరపడి సర్జరీ చేయించి, వెంటనే పెళ్లి చేస్తే చిక్కే. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గితే గర్భం దాల్చే అవకాశం పెరుగుతుంది కూడా. ఈ సంగతి దాచిపెడితే ఇబ్బంది పడేది ఆ అమ్మాయే.

ఎంత తగ్గుతారు?

సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరలో మొత్తం బరువులో పావు వంతు నుంచి 30 శాతం వరకు తగ్గుతుంది. 120 కిలోల మనిషి 85-90 దగ్గర నిలబడొచ్చు. యాడ్‌లో ఫొటోలా 60కి రావడం అందరికీ జరగదు. కానీ ఆ 30 కిలోలు తగ్గడంతోనే షుగర్ అదుపులోకి రావడం, మెట్లెక్కగలగడం, రాత్రిళ్లు హాయిగా నిద్రపట్టడం చాలామందికి సాధ్యమవుతుంది. రెండేళ్లు దాటాక ఫాలోఅప్ మానేసి, కూల్‌డ్రింకులు, చిరుతిళ్లు మొదలుపెడితే బరువు మళ్లీ పెరుగుతుంది.

మొత్తంగా చూస్తే, ఈ సర్జరీని ఆస్పత్రులు ప్యాకేజీగా కాకుండా కనీసం రెండేళ్ల ట్రీట్‌మెంట్‌గా చూపించాలి. పేషెంట్లూ అలాగే అడగాలి. యాడ్‌లో కనిపించే రెండు ఫొటోల మధ్య దూరాన్ని సర్జన్ చేతిలోని స్టాప్లర్ సగమే దాటిస్తుంది. మిగతా సగం రోజూ వేసుకునే మాత్ర, కొలిచి తినే ముద్ద, టైమ్‌కి వెళ్లే చెకప్ మీదే ఆధారపడి ఉంటుంది. దానికి సిద్ధంగా ఉన్నామనుకున్నవాళ్లే డేట్ ఫిక్స్ చేసుకోవాలి.