‘కైకు?’ అని అడిగే హక్కు

ఇటీవల అనంతపురం పాతఊరులో ఒక ఇంటికి వెళ్లాము. అయిదో తరగతి చదివే బాలిక, మన జిల్లాలో వానలు ఎందుకు తక్కువ అన్న ప్రశ్నకు జవాబు రాస్తోంది. ‘ఇది వర్షచ్ఛాయా ప్రాంతం’ అని గడగడా అప్పజెప్పింది. పక్కనున్న తల్లికి తెలుగు చదవడం రాదు. అయినా దక్కనీలో ‘కైకు?’ అని ఒక్క మాట అడిగింది. బిడ్డ తడబడింది. కాస్త ఆలోచించి, నైరుతి గాలులు పడమటి కనుమలకు తగిలి తడినంతా అక్కడే కురిపించి, మన మెట్టనేలకు వట్టివై వస్తాయని అమ్మీ భాషలోనే వివరించింది. పాఠం వంటబట్టింది అప్పుడే.

ఇంట్లో ఉర్దూ మాట్లాడితే పిల్ల వెనకబడుతుందని ఆ తల్లిని బడిలో మందలించారట. సదుద్దేశంతోనే అని ఉండవచ్చు. కాని ఆ సలహా పాటిస్తే ఆ ఇంట చదువు ముచ్చటే ఆగిపోతుంది. తెలుగు, ఇంగ్లీషు అక్కర్లేదని మేము అనడం లేదు. తెలుగు ఫైళ్ల మధ్యనే ఉద్యోగజీవితం గడిపినవారము. వాటి విలువ ఎరుగుదుము. జవాబు బడి భాషలో రాయాలి; దాని గురించిన మాట ఇంటి భాషలో సాగాలి. దూదేకుల ఇళ్లలో ఆ భాష తెలుగే. బెంగళూరుకు వలసపోయిన తండ్రి ఫోనులో అడిగినా మేలే.

ఇది ఎవరి దయా కాదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ కృషి చేయాలని, 1956లో చేరిన రాజ్యాంగ 350-ఎ అధికరణం చెబుతోంది. 2022లో మన రాష్ట్రం ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టం చేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం ముప్పాతిక వంతు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి.

తల్లులు ఆ కమిటీలలో కూర్చోవాలి. ఇంటిపని సూచనలు ఉర్దూలోనూ ఇమ్మని, చదువు రాని తల్లులకు నోటిమాటగా చెప్పమని అడగాలి. మస్జిద్ కమిటీలు, చదువుకున్న యువకులు వారికి తోడు నిలవాలి. అంతవరకూ ఎదురుచూడనవసరం లేని పని ఒకటుంది. ఈ రాత్రి బిడ్డ పుస్తకం మూసేముందు ఒక్కసారి ‘కైకు?’ అని అడగండి. చెప్పేదాకా ఓపికగా వినండి.