భూగర్భ పటములు - జాతి కర్తవ్యము

తన నేలయం దేమున్నదో యెఱుగని గృహస్థు ఇతరులు చెప్పిన వెలకే దానిని విడిచిపెట్టును. జాతుల గతియు నిట్టిదే. అస్సాము వెలుపల మనదేశమున చమురు దొరకునని విదేశీయ నిపుణులు పెక్కురు నమ్మలేదు. కేశవదేవ మాలవీయగారి పట్టుదలచే, రష్యా శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో ప్రభుత్వమే పూనుకొన్నమీదట 1958లో ఖంభాతునను, 1974లో బొంబాయి సముద్రగర్భమునను చమురు పడెను; తరువాత మన గోదావరీతీరమున వాయువు లభించెను.

మనదేశమున 26 అవక్షేప శిలాద్రోణులు 33 లక్షల చదరపు కిలోమీటర్లకు మించి వ్యాపించియున్నవి. వీనిలో పెక్కింటి శక్తి నేటికిని అంచనామాత్రమే. మన కడప, ప్రాణహిత-గోదావరి ద్రోణులిట్టివే. 2016లో ప్రారంభమైన జాతీయ సర్వే భూమిలోనికి ధ్వనితరంగములను పంపి 48 వేల కిలోమీటర్ల మేర పరీక్షింప సంకల్పించుట శ్లాఘనీయము. కాని యంతటితో చాలదు. చమురు పుట్టెడి శిల యేది, దానిని నిలుపుకొనెడి యిసుకరాయి యేది, పైకి పోనీయక కప్పియుంచెడి పొర యేది యని కొండకొండయు త్రొక్కి చూచి పటమున గుర్తింపవలయును.

ఫలము తెలియనిచోట కోట్లు వెచ్చింపనేల యని కొందరందురు. వంగదేశమున దశాబ్దముల వెదకులాట పిదపనే 2018లో అశోకనగరమున చమురు కనబడెను. చమురు లేదని తేల్చిన పటమును నష్టము గాదు. అది వ్యర్థమగు త్రవ్వకమును తప్పించును. పటము లేకయే క్షేత్రములను వేలమునకు పెట్టుటయే నిజమైన నష్టము.

ముడిచమురులో అయిదింట నాలుగుపాళ్లకు మించి పరదేశములనుండి కొనుచున్న మనము, ధర పెరిగినపుడు మేల్కొని తగ్గినపుడు నిద్రించుట తగదు. ప్రభుత్వము ఏటేట నీ కార్యమునకు నిధిని స్థిరపఱచి, పటములను విశ్వవిద్యాలయములకు అందీయవలయును. నేల మనది, దాని యెఱుకయు మనదే కావలయును.