సన్నని చోటుకు సన్నని చెట్టు



ఈ వానాకాలం మన బడిలో మొక్కలు నాటాలని బాలసభలో తీర్మానించుకున్నాం. చాలా సంతోషం. కానీ ఏ మొక్క, ఎక్కడ అనే దగ్గరికి వచ్చేసరికి రెండు జట్లయిపోయాం. ఒక జట్టేమో భోజనాల గది ముందున్న కానుగ చెట్టును కొట్టించి, గేటు నుంచి ఆఫీసు దాకా రెండు వరసలు అశోక చెట్లు వేద్దాం, పెద్దవాళ్ళు ఎవరైనా వస్తే అందంగా ఉంటుంది అంటోంది. రెండో జట్టు అసలు అశోక పేరే ఎత్తొద్దు, అది నీడివ్వదు, పండివ్వదు, ఉత్త షోకు చెట్టు అంటోంది. నేను ఈ రెండు మాటలూ ఒప్పుకోను. చెట్టులో తప్పు లేదు. చోటు చూడకుండా నాటితేనే తప్పు.

ముందు చెట్టు సంగతి చెబుతాను. మనం అశోక అని పిలిచేది అసలైన అశోక కాదు. దీని పేరు నరమామిడి. అసలు అశోకకు నారింజ, ఎరుపు రంగుల్లో గుత్తులు గుత్తులుగా పూలు పూస్తాయి. నరమామిడి పూలు లేత ఆకుపచ్చగా చుక్కల్లా ఉండి ఆకుల్లో కలిసిపోతాయి. ఇది మన కొండల్లో కాసే సీతాఫలం కుటుంబానికి చెందిన చెట్టు. ఇందులో కొమ్మలు చాపుకుని పెరిగేది ఒక రకం. కొమ్మలు కిందికి వాలి మానుకు అంటుకుని స్తంభంలా పెరిగేది ఇంకో రకం. గేట్ల దగ్గర మనం చూసేది ఈ రెండోదే. ముప్పై అడుగులు దాటి పైకి పోతుంది గానీ పక్కలకు నాలుగైదు అడుగుల చోటు చాలు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది.

పనికిరాని చెట్టు అనడం కూడా న్యాయం కాదు. దీని పళ్ళు మనం తినకపోయినా గబ్బిలాలు, కోయిలలు తింటాయి. నల్ల రెక్కల మీద ఆకుపచ్చ మచ్చలున్న సీతాకోకచిలుక ఒకటుంది. అది ఈ ఆకుల మీదా సీతాఫలం ఆకుల మీదా గుడ్లు పెడుతుంది. పందిళ్ళకు, తోరణాలకు ఈ ఆకులే కడతారు కదా!

తక్కువ చోటులో పైకి పెరిగే చెట్టు మనకేమీ కొత్త కాదు. పాడేరు, అరకు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు చూడండి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు అది. నిటారుగా పోతుంది, మాను మీదికి మిరియాల తీగ ఎక్కిస్తారు. తాజ్‌మహల్ బొమ్మలో నీటి కాలువకు అటూ ఇటూ నిలబడ్డ సన్న చెట్లు సైప్రస్ చెట్లు. అవి వెడల్పుగా పెరిగే చెట్లయితే వెనకున్న కట్టడం మనకు కనిపించేదా?

ఇప్పుడు మన బడికి వద్దాం. కానుగ కింద ఎంతమందిమి కూర్చుని అన్నం తింటున్నామో లెక్కపెట్టండి. వంద అశోక చెట్లు వేసినా ఆ నీడ రాదు. కానుగ ఆకు రాలుతోంది, ఊడ్చలేకపోతున్నాం అంటున్నారు. రాలిన ఆకు గుంతలో వేస్తే ఎరువవుతుంది. మా తాత "నీడ కొట్టేసి అందమేటి?" అంటాడు. నేనూ అదే అంటున్నాను. కానుగను ముట్టుకోవద్దు.

మరి నరమామిడి ఎక్కడ? ఆడపిల్లల గదుల వెనక. ఆ గోడకూ రోడ్డు పక్క కంచెకూ మధ్య ఉన్న చోటు మేం టేపు పెట్టి కొలిచాం. వెడల్పు 5 అడుగులు, పొడవు 48 అడుగులు. అక్కడ చింత, పనస, కానుగ ఏదీ పట్టదు. రోడ్డు మీద జీపులు పోతుంటే దుమ్మంతా గదిలోకే వస్తుంది. పోయేవాళ్ళు లోపలికి చూస్తారు. అందుకని ఎండాకాలంలో కూడా కిటికీలు మూసుకునే పడుకుంటున్నాం. ఉక్కకు నిద్ర పట్టదు. ఇది మగపిల్లలకు తెలియదు, అందుకే రాస్తున్నాను. ఆరేసి అడుగులకు ఒకటి చొప్పున 8 మొక్కలు నాటితే దుమ్ము చాలావరకు ఆకులకే పడుతుంది, మాకు చాటు ఉంటుంది, చెట్టుకూ చెట్టుకూ మధ్య సందులోంచి గాలి వస్తుంది. అక్కడ పైన కరెంటు తీగలు కూడా లేవు. తీగల కింద నాటి తర్వాత తల నరికితే ఈ చెట్టు రూపమే చెడిపోతుంది.

కొందరు కోనోకార్పస్ తెద్దాం, తొందరగా పెరుగుతుంది అంటున్నారు. దాని పుప్పొడి వల్ల జలుబు, ఆయాసం వస్తున్నాయని, వేళ్ళు పైపులను పాడుచేస్తున్నాయని చెప్పి 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడం నిషేధించింది. తొందర కోసం అలాంటిది తెచ్చుకోవద్దు.

నాటడం ఒక్క రోజు పని, బతికించడమే అసలు పని. వేసవి సెలవుల్లో మనం ఇళ్ళకు పోతే మొక్కలకు నీళ్ళెవరు పోస్తారు? వానలు మొదలవగానే నాటితే ఎండలొచ్చేసరికి వేళ్ళు కొంచెం లోతుకు పోతాయి. మొదళ్ళలో కానుగ ఆకు మందంగా పరిస్తే తడి ఆరదు. ఒక్కో మొక్క పక్కన అడుగున చిన్న చిల్లి పెట్టిన కుండ పాతితే, ఒకసారి నింపిన నీళ్ళు మెల్లగా దిగుతాయి. సెలవుల్లో కుండలు నింపమని వాచ్‌మన్ మామయ్యను ఇప్పుడే అడుగుదాం.

మొక్కలు కిటికీ దాటి పెరగడానికి రెండు మూడేళ్ళు పట్టవచ్చు. అప్పటికి నేను పది పాసై వెళ్ళిపోతాను. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న చెల్లెళ్ళు మాత్రం ఆ కిటికీలు తెరుచుకుని పడుకుంటారు. వచ్చే బాలసభలో కానుగ ఉండాలని, గదుల వెనక 8 నరమామిళ్ళు వేయాలని నేను చెయ్యెత్తుతాను. కాదనేవాళ్ళు ముందు ఒకసారి మా గదుల వెనక్కి వచ్చి చూసి, తర్వాత చెయ్యెత్తండి.

– 9వ తరగతి విద్యార్థిని