నాలుగు గోడల నడుమ సూర్యుడు

ఒక ప్రాణిని దాని సహజమైన చోటు నుండి తెచ్చి మన ఇంటి నాలుగు గోడల నడుమ ఉంచుకొన్న తరువాత, వేళకు మేత పెడితే మన బాధ్యత తీరినట్లేనని భావించడం లోకంలో సర్వసాధారణం. కుక్క ఆకలైతే మొరుగుతుంది. పిల్లి కాళ్ళకు చుట్టుకొంటుంది. చిలుక పంజరం కమ్ములను కొరుకుతుంది. నేల తాబేలు మాత్రం ఏమీ అనదు. చలి వేసినా, వెలుతురు చాలకపోయినా అది తలను చిప్పలోనికి ముడుచుకొని మౌనంగా ఉండిపోతుంది. ఆ మౌనాన్నే మనం తృప్తిగా పొరబడుతాము. దానికి జరిగిన అన్యాయం కంటికి కనబడేసరికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడిచిపోతాయి.

ఇంటిలోపల పెంచే తాబేలుకు వెలుతురును, వేడిని సమకూర్చడం పైకి చూస్తే దీపాల దుకాణానికి సంబంధించిన చిన్న విషయంగా తోచవచ్చు. అది అలంకారం కాదనీ, పెంచేవాడు ఆ ప్రాణికి పడిన ఋణమనీ, ఆ ఋణం తీర్చలేనివారికి దానిని బంధించే హక్కు లేదనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సమస్య ప్రధానంగా చలిదేశాలది. మధ్యధరా సముద్రతీరపు ఎండలలో పుట్టి పెరిగే తాబేళ్ళను ఇంగ్లండు మొదలైన దేశాలకు కొనిపోయి పెంచుకోవడం చాలాకాలంగా ఉన్నది. వాటిలో చరిత్రకెక్కినది తిమోతి. సెల్బోర్న్ గ్రామవాసి, ప్రకృతి శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ వైట్ ఆ తాబేలును 1780లో తన మేనత్త మరణానంతరం తన తోటకు తెచ్చుకొన్నాడు. ఆయన గ్రంథం 1789లో వెలువడింది. ఎండ పలచబడే రోజులలో ఆ తాబేలు గోడకు ఒరిగి, తన చిప్పను ఏటవాలుగా నిలిపి, బలహీనమైన సూర్యకిరణాలను సైతం పట్టుకొనేదని ఆయన గమనించాడు. నడివేసవి మధ్యాహ్నం అదే తాబేలు క్యాబేజీ ఆకు నీడన దాగేదని కూడా వ్రాశాడు. మగదని అందరూ భావించిన ఆ జీవి ఆడదని మరణానంతరమే తేలింది. దాని చిప్ప నేటికీ లండన్‌లోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నది.

ఈ రెండు పరిశీలనలలోనే మన విషయసారమంతా ఉన్నది. తాబేలు తన శరీరంలో తగినంత వేడిని పుట్టించుకోలేదు. బయటి నుండి సంపాదించుకోవలసిందే. చలిలో దాని జీర్ణక్రియ మందగిస్తుంది; తిన్న ఆకు కడుపులోనే నిలిచిపోతుంది. వేడి మితిమీరితే ప్రాణానికే ప్రమాదం. కనుక దానికి కావలసినది ఒకే ఉష్ణోగ్రత గల గది కాదు. ఎండకూ నీడకూ మధ్య తానుగా నడిచివెళ్ళగల స్వేచ్ఛ.

వేడి ఒక్కటే చాలదు. సూర్యకాంతిలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలున్నాయి. వాటిలో 'బి' అనే భాగం చర్మానికి సోకినప్పుడు విటమిన్ డి తయారీ మొదలవుతుంది. ఆ విటమిన్ లేనిదే తిన్న సున్నం ఎముకకు పట్టదు. ఎముకలు మెత్తబడతాయి, చిప్ప వంకర పోతుంది, చివరకు కాళ్ళు దేహాన్ని మోయలేవు. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విశేషం ఒకటున్నది. కిరణాలు సోకగానే చర్మంలో ఏర్పడేది విటమిన్ కాదు, దానికి పూర్వరూపం మాత్రమే. అది విటమిన్‌గా మారడానికి దేహానికి వెచ్చదనం కావాలి. సూర్యుడు ఈ రెండింటినీ ఒకే చేతితో ఇస్తాడు. మన దీపాలు వాటిని విడదీస్తాయి. విడదీసిన దానిని మళ్ళీ కలపడమే పెంచేవాని పని.

ఈ జ్ఞానం మొదట జంతువుల కోసం పుట్టినది కాదు. పొగతో, ఇరుకు సందులతో నిండిన ఐరోపా నగరాలలో వేలాది పిల్లలు రికెట్స్ వ్యాధితో కాళ్ళు వంగి బాధపడేవారు. 1919లో బెర్లిన్ వైద్యుడు కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ పాదరస దీపపు కిరణాలతో అట్టి పిల్లలను స్వస్థపరిచి చూపాడు. కొద్ది ఏండ్లలోనే ఆ విజ్ఞానం జంతుశాలకు చేరింది. లండన్ జంతుశాలలో 1927లో ప్రారంభమైన సరీసృపాల భవనాన్ని రూపొందించినది జోన్ ప్రోక్టర్ అనే మహిళ. అనారోగ్యం వల్ల విశ్వవిద్యాలయానికి వెళ్ళలేకపోయిన ఆమె, 1923లో అక్కడి సరీసృప విభాగానికి అధిపతి అయింది. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాలను అడ్డగిస్తుందని ఎరిగి, వాటిని లోనికి రానిచ్చే ప్రత్యేకమైన గాజును ఆ భవనంలో వాడించింది. ఒక్కొక్క గదికి వేరువేరుగా విద్యుత్తుతో వేడిని అమర్చింది. 1931లో, ముప్పది నాలుగేండ్లకే ఆమె కన్నుమూసినా, ఆమె ఆలోచన నేటికీ సజీవంగా ఉన్నది.

నేడు ఆ దేశాలలో వివేకవంతులు అనుసరించే పద్ధతిని క్లుప్తంగా చెబుతాను. తాబేలును మూతపెట్టిన గాజుపెట్టెలో కాక, గాలి ఆడే విశాలమైన చెక్కతొట్టిలో ఉంచుతారు. ఒక కొసన, పైనుండి, వేడినిచ్చే దీపాన్ని వేలాడదీస్తారు. దాని కింద తాబేటి వీపు ఎత్తున ఉష్ణోగ్రత సుమారు 32 నుండి 35 డిగ్రీల సెంటిగ్రేడు ఉండాలి. రెండవ కొసన ఇరువది రెండు డిగ్రీల ప్రాంతంలో చల్లగా ఉండాలి. ఆ వేడి దీపం పక్కనే, అదే కొసన, అతినీలలోహిత కిరణాలనిచ్చే ట్యూబును అమర్చుతారు. తాబేలు వెచ్చబడేటప్పుడే కిరణాలను కూడా పొందాలన్నది ఇందులోని మర్మం. పగలు పన్నెండు గంటలు వెలుగు, రాత్రి పూర్తి చీకటి. రాత్రి మరీ చలిగా ఉండే ఇంటిలో వెలుతురివ్వని సిరామిక్ హీటరును థర్మోస్టాట్‌కు కలిపి వాడతారు. ఎరుపు, నీలం బల్బులతో రాత్రిని పగలు చేయడం తాబేలుకు మేలు కాదు. రెండు కొసలలోనూ థర్మామీటర్లు, దూరని దీపం లేని నీడగూడు, మునిగిపోనంత లోతు గల నీటిపళ్ళెం తప్పనిసరి.

పొరపాట్లు ఎక్కడ జరుగుతున్నాయో కూడా చెప్పాలి. మొదటిది కిటికీ. కిటికీ అద్దం గుండా వెలుగు వస్తున్నది గనుక ఎండ తగులుతున్నదని చాలామంది భ్రమ. ఆ అద్దం అవసరమైన కిరణాలను దాదాపు అన్నిటినీ ఆపివేసి, వేడిని మాత్రం లోనికి వదులుతుంది. రెండవది దూరం. దీపం ఎత్తు పెరిగినకొద్దీ కిరణాల బలం వేగంగా తగ్గుతుంది; మధ్యలో ఉన్న వలకూడా కొంత భాగాన్ని మింగుతుంది. మరీ దగ్గరైతే కంటికి, చర్మానికి హాని. మూడవది కాలం. ట్యూబు తెల్లగా వెలుగుతూనే ఉంటుంది గాని, దానిలోని కనబడని కిరణాలు నెలలు గడిచేకొద్దీ క్షీణిస్తాయి. అందుకే కొలిచి చూడాలి, లేదా సుమారు ఏడాదికొకసారి మార్చాలి. నాలుగవది కింది నుండి వేడి. సృష్టిలో ఎండ పైనుండి వస్తుంది. కింద పెట్టిన వేడిరాయి పొట్టను కాలుస్తున్నా తాబేలు వెంటనే పసికట్టలేదు. అయిదవది, నిర్లక్ష్యంగా బిగించిన దీపం. అది ఎండుగడ్డిలో పడితే తాబేలుతోపాటు ఇల్లు కూడా కాలుతుంది.

ఇంతటి ఖర్చు, శ్రమ ఒక తాబేలు కోసమా అని ఆక్షేపించేవారున్నారు. దీపం కింద చదువుకొనే వసతిలేని పిల్లలున్న లోకంలో తాబేలుకు దీపమా అని అడిగేవారూ ఉన్నారు. ఈ ప్రశ్నలోని వేదనను నేను గౌరవిస్తాను. కాని దాని తర్కాన్ని అంగీకరించలేను. పిల్లవాని చీకటికి తాబేలు కారణం కాదు. తాబేటి చీకటికి మాత్రం దానిని తెచ్చినవాడే కారణం. పైగా, బెర్లిన్ పిల్లల కాళ్ళను నిలబెట్టిన జ్ఞానమే తాబేటి చిప్పను నిలబెట్టినది. జ్ఞానం ఒకరి నుండి లాక్కొని ఇంకొకరికి ఇచ్చే సొత్తు కాదు. పుష్కలంగా ఎండ కాసే మన దేశంలోనే, గదులలో కాలం గడిపే ప్రజలలో విటమిన్ డి లోపం విస్తారంగా కనబడుతున్నదని వైద్యులు చెబుతున్నారు. తాబేలు గురించి నేర్చుకొన్నవాడు తనను గురించి కూడా కొంత నేర్చుకొంటాడు.

దీపాలు లేని కాలంలో తాబేళ్ళు బ్రతకలేదా అని మరికొందరంటారు. బ్రతికినవి తోటలలో, ఎండలో బ్రతికినవి. ఇరువదవ శతాబ్దంలో మధ్యధరా తీరాల నుండి లక్షలాది తాబేళ్ళు ఉత్తరదేశాల దుకాణాలకు చేరాయి. చలికి, అజ్ఞానానికి వాటిలో ఎన్నో బలి అయ్యాయి. 1984లో ఐరోపా సమాజం ఆ జాతుల వాణిజ్యాన్ని నిషేధించేవరకు ఆ ప్రవాహం ఆగలేదు. బ్రతికిన తిమోతిని తలచుకొని చచ్చినవాటిని మరువడం న్యాయం కాదు.

ఇక మన మాట. రాయలసీమలోని పొదల నేలలలో నక్షత్ర తాబేలు పుట్టి పెరుగుతున్నది. చిప్పపై పసుపు గీతలు నక్షత్రాలవలె విరియడమే దానికి శాపమైనది. ఇంటిలో ఉంటే అదృష్టమని కొందరు, అందమని కొందరు, డబ్బని ఎందరో దానిని సంచులలో దాచి దేశాలు దాటిస్తున్నారు. మన ఎండలో తిరగవలసిన జీవి ఎక్కడో అపరిచిత నగరంలో దీపం కింద బ్రతుకు ఈడుస్తున్నది. 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం దానిని అత్యున్నత రక్షణ గల మొదటి అనుబంధంలో చేర్చింది. మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 2022 సవరణ దానిని మొదటి షెడ్యూలులోనికి తెచ్చింది. దానిని పట్టడం, అమ్మడం, ఇంటిలో పెంచడం నేరం. కనుక మన ప్రాంతంలో ఏ దీపాన్ని ఎంత ఎత్తున కట్టాలన్నది మొదటి ప్రశ్న కాదు. దానిని తేవచ్చునా అన్నదే మొదటి ప్రశ్న. దానికి సమాధానం, కూడదనే.

కళాశాలలో సజీవ జంతువులతో ఒక చిన్న ప్రదర్శనశాల ఉంటే బాగుండునన్న కోరిక విద్యార్థులలో సహజం. పాలక సంఘంలోని పెద్దలకు నా సవినయ మనవి ఇది: తాబేలును తెప్పించవద్దు. దానికి బదులు జంతుశాస్త్ర విభాగానికి రెండు మంచి థర్మామీటర్లను, అతినీలలోహిత కిరణాలను కొలిచే ఒక మీటరును సమకూర్చండి. తరగతి గది కిటికీ అద్దానికి ఇవతల ఎంత, అవతల ఎంత అని విద్యార్థులు స్వయంగా కొలవనివ్వండి. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, చెట్టు నీడన, ఆరుబయట కొలిచి పట్టిక వ్రాయనివ్వండి. పుస్తకంలోని వాక్యం అప్పుడు అనుభవమవుతుంది; ఒక ప్రాణి బందీ కానవసరం లేదు. ఉన్నతవిద్యకై చలిదేశాలకు వెళ్ళే మన విద్యార్థులు అక్కడ చట్టబద్ధంగా తాబేలును పెంచే ఇంటిలో అడుగుపెడితే, ఆ దీపాల అర్థం వారికి తెలిసి ఉంటుంది. తప్పుగా అమర్చినచోట చెప్పే ధైర్యమూ ఉంటుంది.

మన కళాశాల ఆవరణలో రెండు భాషలు కలిసి నడుస్తున్నాయి. ఉర్దూలో 'అమానత్' అని ఒక చక్కని మాట ఉన్నది. ఇతరుల సొత్తును చెడకుండా కాపాడి తిరిగి ఇవ్వవలసిన బాధ్యత అని దాని భావం. తెలుగులో దానికి సమీపమైన మాట న్యాసం. చేతికందిన ప్రతి ప్రాణి మనకు అట్టిదే. ఆ జీవి నుండి సూర్యుని తీసుకొన్నవాడు, సూర్యుడు ఇచ్చే వెలుగును, వేడిని, నీడను, రాత్రిని లెక్క తప్పకుండా తిరిగి ఇవ్వాలి. ఇవ్వగలిగినవాడు కొలిచి ఇవ్వుగాక. ఇవ్వలేనివాడు దానిని దాని పొదలోనే ఉండనిచ్చుగాక.