ఆటల పీరియడ్ మాదీ
ఉద్యమ ప్రణాళిక

వికలాంగులం, వికలాంగ పిల్లల తల్లిదండ్రులం, వ్యాయామ ఉపాధ్యాయులం (పీఈటీలం), కోచ్‌లం కలిసి ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. మా కోరిక ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ప్రతి బడిలో, ప్రతి ఊరి మైదానంలో, ప్రతి పార్కులో వికలాంగులు అందరితోపాటు ఆడాలి.

ఎందుకు మొదలుపెడుతున్నాం

ఆటల బెల్లు కొట్టగానే క్లాసంతా మైదానంలోకి ఉరుకుతుంది. కాలికి కాలిపర్ వేసుకున్న పిల్లాడు చెట్టుకింద ఆగిపోతాడు. తోటివాళ్ల బ్యాగులకూ, చెప్పులకూ కాపలా ఉండడం అతని వంతు. "పడిపోతావు నాన్నా, ఇక్కడే కూర్చో" అంటారు సారు. ఆ మాట ప్రేమతోనే అంటారు. కానీ ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా అదే మాట విన్న పిల్లాడికి తానూ ఆడగలనన్న ఊహే రాకుండా పోతుంది. ఒంటికి కదలికకు బదులు కూర్చోవడం అలవాటవుతుంది. జట్టులో చోటు లేనివాడికి జట్టులో పుట్టే స్నేహాలూ దక్కవు.

ఇదేదో కొద్దిమంది గోడు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారు. ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వికలాంగుల వ్యాయామం గురించి విడిగా చెప్పింది. పిల్లలకు రోజుకు సగటున గంట, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు కదలిక ఉండాలంది. రోజంతా చక్రాల కుర్చీలో గడిపే మనిషికి వ్యాయామం అందరికన్నా ఎక్కువ అవసరం. అందరికన్నా తక్కువ అందేదీ ఆ మనిషికే.

చట్టం మా వైపే ఉంది

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 30వ సెక్షన్ పూర్తిగా క్రీడల గురించే. వికలాంగులు ఆటల్లో సమర్థంగా పాల్గొనేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని, క్రీడాసంస్థలు తమ పథకాల్లో వాళ్లకు చోటివ్వాలని, మైదానాలను వాళ్లకు అనువుగా తీర్చిదిద్దాలని, శిక్షణ వసతులకు నిధులు కేటాయించాలని ఆ సెక్షన్ చెబుతోంది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని మన దేశం 2007లోనే ఆమోదించింది. మేం కొత్త వరాలేమీ అడగడం లేదు. రాసిపెట్టి ఉన్నదాన్ని అమలు చేయమంటున్నాం.

పతకం షరతు మాకొద్దు

1965 యుద్ధంలో గాయపడిన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్‌లో ఈతలో బంగారు పతకం గెలిచి, పారాలింపిక్స్‌లో దేశానికి తొలి స్వర్ణం తెచ్చారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మనవాళ్లు 29 పతకాలు గెలిచారు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి అక్కడే 400 మీటర్ల పరుగులో కాంస్యం సాధించింది. అంతకు కొద్ది నెలల ముందే జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. వినికిడి లోపం ఉన్నవాళ్లకు పారాలింపిక్స్‌లో విభాగం లేదు. వాళ్లకు 1924 నుంచి డెఫ్లింపిక్స్ వేరుగా జరుగుతున్నాయి. అక్కడ రైఫిల్ షూటింగ్‌లో స్వర్ణాలు గెలిచిన ధనుష్ శ్రీకాంత్ మన హైదరాబాద్ కుర్రాడే. అంధుల క్రికెట్‌లో భారత జట్టును నడిపించి అర్జున అవార్డు అందుకున్న ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డిది ఉమ్మడి గుంటూరు జిల్లా.

వీళ్లందరికీ మా వందనం. దీప్తి పరుగును మొదట గుర్తించింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడేనన్న సంగతిని మాత్రం ఎవరూ మరచిపోవద్దు. పతకం వచ్చాక పూలదండ వేసేవాళ్లకు కొదవ లేదు. పతకానికి పదేళ్ల ముందు పిల్లను బరిలో నిలబెట్టేవాళ్లే తక్కువ.

ఇంకో మాట. వీధిలో గిల్లీదండా ఆడే పిల్లలను పతకం తెస్తావా అని ఎవరూ అడగరు. సరదా కోసం, ఆరోగ్యం కోసం, నలుగురితో కలిసి ఉండడం కోసం ఆడుకుంటారు. వికలాంగులకూ ఆ కారణాలు చాలు.

ఆటను మార్చుకోవచ్చు

అంధుల క్రికెట్ చూడండి. గట్టి ప్లాస్టిక్ బంతిలో బాల్ బేరింగులు వేస్తారు. బౌలర్ "రెడీ?" అని అడుగుతాడు, బ్యాటర్ "ఎస్" అన్నాక "ప్లే" అంటూ చేతిని కిందినుంచి ఊపి నేలబారుగా బంతి వేస్తాడు. గలగల శబ్దాన్ని పట్టుకుని బ్యాటర్ స్వీప్ చేస్తాడు. పదకొండు మందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపు లేనివాళ్లుండాలి. వాళ్లు కొట్టిన పరుగులను రెట్టింపు చేసి లెక్కిస్తారు. ఆటలోని పోటీ ఇసుమంతైనా తగ్గలేదు.

మామూలు బడిలో ఇంతకన్నా తేలిక. చూపు లేని పాప పరిగెత్తాలంటే పక్కన పరిగెత్తేవారితో కలిసి ఒక చిన్న తాడు పట్టుకుంటే చాలు. వినపడని పిల్లలకు విజిల్‌తోపాటు జెండా ఊపాలి. నడవలేని పిల్లలున్నచోట వాలీబాల్ నెట్టును కిందికి దించి, సున్నంతో చిన్న కోర్టు గీసి క్లాసంతా కూర్చునే ఆడొచ్చు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు నియమాలను ఒక్కొక్కటిగా, చేసి చూపిస్తూ నేర్పాలి. వీటిలో దేనికీ పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

మా డిమాండ్లు

1. ఏ బడిలోనూ వికలాంగ విద్యార్థిని ఆటల పీరియడ్ నుంచి తప్పించకూడదు. వికలాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీతోపాటు ఆటలూ ఉండాలి.

2. వ్యాయామ ఉపాధ్యాయులు చదివే బీపీఈడీ, డీపీఈడీ కోర్సుల్లో వికలాంగులకు ఆటలు నేర్పే పద్ధతిని ప్రాక్టికల్స్‌తో సహా తప్పనిసరి చేయాలి. ఇప్పుడు పనిచేస్తున్న పీఈటీలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

3. ప్రతి స్టేడియంలో, పార్కులో ఒకటికి పన్నెండు వాలుతో ర్యాంపు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉండాలి. బైకులు లోపలికి రాకుండా గేటు దగ్గర అడ్డంగా పాతిన ఇనుప గొట్టాలు మా కుర్చీలనూ ఆపేస్తున్నాయి. వాటిని మార్చాలి. ఓపెన్ జిమ్‌లలో కూర్చునే చేయగల పరికరాలు పెట్టాలి.

4. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌లోని శాతంతో పారా పోటీల్లో విభాగం తేలదు. దానికి క్లాసిఫికేషన్ వేరుగా చేయించుకోవాలి. ఆ సమాచారం, సహాయం జిల్లా కేంద్రంలోనే దొరకాలి. ఆటల చక్రాల కుర్చీలు, శబ్దం చేసే బంతులు ఎరువిచ్చే పరికరాల నిలయం ప్రతి జిల్లాలో ఉండాలి.

5. వికలాంగ ఆడపిల్లల కోసం మహిళా కోచ్‌లను నియమించాలి. వాళ్లకు, వెంట వచ్చేవాళ్లకు రవాణా ఖర్చులివ్వాలి.

6. క్రీడాసంస్థల కమిటీల్లో వికలాంగులకు ఓటుతో కూడిన స్థానం ఉండాలి. మాకోసం ఎంత కేటాయించారో, ఎంత ఖర్చుపెట్టారో ఏటా ప్రకటించాలి.

మేం చేసే పని

డిమాండ్ల చిట్టా ఇచ్చేసి ఊరుకోం. మా ప్రతి శాఖ తన పరిధిలో ఒక బడి మైదానాన్ని ఎంచుకుని ఆదివారాలు అందరూ కలిసి ఆడే ఆటలు నడుపుతుంది. మైదానాల్లోని అడ్డంకులను కొలిచి, ఫొటోలతో సహా అధికారులకు ఇస్తుంది. నిధుల లెక్కలను సమాచార హక్కు చట్టం కింద అడుగుతుంది. ఉద్యమ నాయకత్వంలో సగానికి మించి వికలాంగులే ఉంటారు. జాలి పుట్టించే ఫొటోలతో విరాళాలు సేకరించం.

మా పిలుపు

పీఈటీ సార్లూ, మేడమ్‌లూ, ఏం ఆడాలనుందో ముందు ఆ పిల్లలనే అడగండి. అమ్మలూ నాన్నలూ, మోకాలు చీరుకుపోతుందేమోనన్న భయంతో బిడ్డను ఇంట్లో దాచకండి. సర్పంచులూ, కార్పొరేటర్లూ, మీరు కట్టే తర్వాతి మైదానం ప్లాను గీసే ముందు మమ్మల్ని పిలవండి. క్రీడాకారులారా, మీ ప్రాక్టీసులో వారానికి ఒక గంట మాతో ఆడండి. వికలాంగ సోదరీసోదరులారా, ఎవరో వచ్చి పిలుస్తారని ఎదురుచూడకండి. మీ వాడలో ఒక జట్టు కట్టి మైదానంలోకి దిగండి. ఆట మన హక్కు. ఆ హక్కు కోసం మాతో కలిసి రండి.