అల్లరికి మాత్ర... అంత తొందరెందుకు?

‘సార్, వీడి అల్లరి తగ్గడానికి ఏదైనా మందు రాయండి’. మా ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. ఈమధ్య వచ్చిన నాలుగున్నరేళ్ల బాబుదీ అదే సమస్య. అన్నం పెడితే కంచం తోసేస్తాడు. ఫోన్ లాక్కుంటే నేల మీద పడి దొర్లుతాడు. స్కూల్లో పక్క పిల్లల్ని కొరుకుతున్నాడని టీచర్ రోజూ ఫిర్యాదు. అమ్మ కళ్లలో నీళ్లు. నాన్న చేతిలో ఇంటర్నెట్‌లో చూసి రాసుకొచ్చిన మందు పేరు.

ఈ తొందర మన దగ్గరే కాదు. అమెరికాలో 2025 ఆగస్టులో ‘జామా నెట్‌వర్క్ ఓపెన్’ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల ఆధ్వర్యంలో, మూడు నుంచి ఐదేళ్ల వయసులో ఏడీహెచ్‌డీ (అతి చురుకుదనం, ఏకాగ్రత లోపం) ఉన్నట్టు గుర్తించిన 9,708 మంది పిల్లల రికార్డులు పరిశీలించారు. వారిలో 42 శాతం మందికి నెల తిరక్కుండానే మందులు రాసేశారు. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టింది 14 శాతం మందికే!

అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు చెప్పేది వేరు. నాలుగు, ఐదేళ్ల పిల్లలకు మొదటి చికిత్స మాత్ర కాదు, తల్లిదండ్రులకు శిక్షణ. అది ఇచ్చినా ఫలితం లేక, సమస్య తీవ్రంగా ఉంటేనే మందు ఆలోచించాలి. ఎందుకంటే ఇంత చిన్న వయసులో ఆ మందుల ప్రభావం తక్కువ, ఇబ్బందులు ఎక్కువ. ఆకలి మందగిస్తుంది, నిద్ర తగ్గుతుంది, చిరాకు పెరుగుతుంది. పెద్ద పిల్లల్లో, సరైన నిర్ధారణ జరిగాక ఇవే మందులు బాగా పనిచేస్తాయి. కాబట్టి మందు చెడ్డది కాదు, దాని వరుస ముఖ్యం.

మరి డాక్టర్లు ఎందుకు తొందరపడుతున్నారు? శిక్షణ ఇచ్చేవాళ్లు చాలాచోట్ల అందుబాటులో లేకపోవడం ఒక పెద్ద కారణం.

శిక్షణ పెద్దలకా?

‘అంటే తప్పు మాదేనా?’ అని ఆ తల్లి అడిగారు. కాదు. కొందరు పిల్లలు పుట్టుకతోనే దుడుకుగా ఉంటారు. వాళ్లను పెంచడానికి మామూలు ఓపిక చాలదు, కాస్త నైపుణ్యం కావాలి.

అమెరికా మానసిక శాస్త్రవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ కుటుంబాల్లో జరిగే గొడవలను దగ్గరగా గమనించి ఒక చక్రాన్ని గుర్తించారు. మన ఇంటి ఉదాహరణే తీసుకోండి. అన్నం తినేటప్పుడు ఫోన్ వద్దంటారు. బాబు ఏడుస్తాడు. మీరు అరుస్తారు, వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. చివరికి విసిగి ఫోన్ ఇచ్చేస్తారు. ఇల్లు సద్దుమణుగుతుంది. గట్టిగా ఏడిస్తే పని అవుతుందని వాడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే ప్రశాంతత దొరుకుతుందని మీరు నేర్చుకున్నారు. ఇద్దరూ ఒకరికొకరు గురువులే!

ఏం నేర్పుతారు?

- రోజూ పదిహేను నిమిషాలు బిడ్డతో ఆట. ఆట వాడిదే, సలహాలు, పాఠాలు వద్దు.
- ‘గుడ్ బాయ్’ అనడం కంటే ‘బొమ్మలు నువ్వే సర్దావు, భలే!’ అనడం మేలు. దేన్ని మెచ్చుకున్నారో వాడికి తెలియాలి.
- ఒకసారి ఒకే మాట చెప్పండి. వంటింట్లోంచి కేకేయడం కాదు, దగ్గరికెళ్లి ‘చెప్పులు స్టాండులో పెట్టు’ అనండి.
- చిన్న పేచీని పట్టించుకోకండి. ఆపగానే పలకరించండి. మొదటి కొన్ని రోజులు పేచీ పెరుగుతుంది. అక్కడ లొంగిపోతే మొదటికే మోసం.
- కొట్టడం, కొరకడం మాత్రం వదిలేయకూడదు. వెంటనే ఆపి, రెండు మూడు నిమిషాలు ఆటకు దూరంగా కూర్చోబెట్టండి. దెబ్బ వేస్తే కోపమొస్తే కొట్టొచ్చనే పాఠమే మిగులుతుంది.
- అమ్మ వద్దన్నది నాన్నమ్మ ఇవ్వకూడదు. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి.

అయితే అల్లరి వెనుక మరేదైనా ఉందేమో ముందు చూడాలి. మాటలు ఆలస్యమైనా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, కళ్లలోకి చూడకపోయినా, తనను తాను గాయపరచుకుంటున్నా డాక్టర్‌ను కలవండి. వినికిడి లోపం, నిద్రలేమి, ఆటిజం వంటివి కూడా బయటికి మొండితనంలాగే కనిపించవచ్చు.

మన దగ్గర సంగతేంటి?

నిజాయతీగా చెప్పాలంటే, మా ఓపీలో ఒక్కో బిడ్డకు దొరికేది నాలుగైదు నిమిషాలు. మందు రాయడానికి అర నిమిషం చాలు. ఇది నేర్పాలంటే వారానికో గంట చొప్పున ఎనిమిది, పది వారాలు పడుతుంది. ప్రైవేటు థెరపీ ఫీజులు నెలనెలా కట్టడం జీతంతో బతికే కుటుంబాలకు భారమే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ‘డైస్’ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. ఎదుగుదల లోపాల కోసం సైకాలజిస్టులు, థెరపిస్టులు ఉండాల్సిన చోట్లవి. ఖాళీలు నింపి, పదిమంది తల్లిదండ్రులను కూర్చోబెట్టి వారానికో తరగతి పెడితే భవనాలు కట్టక్కర్లేదు, యంత్రాలు కొనక్కర్లేదు. అంగన్‌వాడీ టీచర్లకు ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కింద ఇస్తున్న శిక్షణలోనూ దీన్ని చేర్చవచ్చు. ప్రైవేటు స్కూళ్లు కూడా పేరెంట్స్ మీటింగుల్లో ఒక్కటైనా దీనికి కేటాయించాలి. ఆ మాట ఫీజు కట్టే తల్లిదండ్రులే అడగాలి. అప్పటిదాకా ఇంట్లో ఒత్తిడి భరించలేకపోతే టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ బాబుకు వినికిడి పరీక్ష చేయించాం, బాగానే ఉంది. మందు రాయలేదు. నాలుగుసార్లు పిలిపించి అమ్మానాన్నలతో, నాన్నమ్మతో మాట్లాడాను. మొదటి వారం ‘ఇంకా ఎక్కువైంది సార్’ అన్నారు. రెండు నెలలకు కొరకడం ఆగింది, ఫోన్ లేకుండా అన్నం తింటున్నాడు. అల్లరి మాత్రం ఉంది. నాలుగున్నరేళ్ల పిల్లాడికి ఆమాత్రం ఉండాలి కదా!

– ప్రభుత్వ ఆస్పత్రి వైద్యులు, ఎంబీబీఎస్, ఎండీ