పాటకు కూలి సీసా కాదు

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల మన ఎస్టీ కాలనీల్లో తాగుడు గురించి మాటొస్తే ఊరివాళ్ళు అనేది ఒక్కటే: "వాళ్ళంతే, ఎంత చెప్పినా మారరు." ఇది కొత్త మాటేం కాదు. ఒకప్పుడు ఇదే మాటను చట్టంగా రాశారు. 1871లో నేర జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకలవాళ్ళను పుట్టుదొంగలన్నారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా వచ్చిన ఊరే. ఒక దొర పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పజెప్పి, మనుషుల్ని హాజరుపట్టీకి కట్టేశారు. 1952లో చట్టం పోయింది. మాట మాత్రం పోలేదు. పుట్టుదొంగలన్న నోరే ఇప్పుడు పుట్టుతాగుబోతులు అంటోంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, తాగుడు మన రక్తంలో లేదు. మన బతుకులోకి దాన్ని తోలారు. చెరువు గట్టు మీద గుడిసెలో నెలల తరబడి కాపలా ఉండే యానాది అన్నను అడగండి. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. పగలంతా బురద, రాత్రంతా మేలుకోవడం, పలకరించే మనిషి ఉండడు. సీసా మాత్రం అక్కడికీ వస్తుంది. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త మద్యం పాలసీలో రాష్ట్రమంతా 3,396 దుకాణాలు, 99 రూపాయలకు క్వార్టరు. పేదవాడికి అందుబాటులో ఉండాలని ధర తగ్గించారట! పేదవాడికి అందుబాటులోకి రావాల్సింది అదేనా?

ఇంకో అన్యాయం చాలామందికి తెలియదు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో మద్యం అమ్మకాన్ని ఆపే, కట్టడి చేసే అధికారం గ్రామసభకు ఉంది. మన మూడు ఊళ్ళూ మైదానంలో ఉన్నాయి, షెడ్యూల్డు ప్రాంతం కాదు. ఆదివాసీలమే, కానీ ఆ హక్కు మనకు లేదు. కాలనీ పక్కన బెల్టుషాపు పెడితే అడ్డం పడే బలం మన సభకు లేదు.

మరి మానిపించడానికి ఏం చేస్తున్నారు? ఒక మైకు, ఒక ఫ్లెక్సీ, ఒక ఉపన్యాసం. మహా అయితే బయటివాళ్ళు వచ్చి ఆడే నాటిక. అందులో తాగుబోతు మన యాసలో మాట్లాడతాడు, బుద్ధి చెప్పేవాడు ఇంకో యాసలో మాట్లాడతాడు. అది చూసి మన పిల్లలు నేర్చుకునేది సిగ్గు. సిగ్గు పడ్డవాడు మానడు, చాటుగా తాగుతాడు.

ఒక మాట ముందే చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమూ పోవచ్చు. కాబట్టి ముందు డాక్టరు. 14446కు ఫోన్ చేస్తే డబ్బులు పడవు. పాట మందుకు బదులు కాదు. కానీ మందు పని అయిపోయాక ఏంటి? మనిషి అదే గట్టుకు, అదే ఒంటరితనానికి, అదే సాయంత్రానికి తిరిగొస్తాడు. ఆ సాయంత్రం అతని చేతిలో ఏం పెడతాం? మనం అడగాల్సిన ప్రశ్న అదీ.

ఆటపాట పెట్టాలంటున్నాను. ఇది నా ముచ్చట మాత్రమే కాదు. వ్యసనంలో ఉన్నవాళ్ళకు చికిత్సతో పాటు సంగీతాన్ని జోడించిన 21 పరిశోధనలను 2022లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. తాగాలన్న యావ తగ్గొచ్చని, చికిత్స మీద మనసు నిలిచే అవకాశం పెరుగుతుందని తేల్చింది. అన్నీ బాగైపోతాయని చెప్పలేదు, మనమూ చెప్పొద్దు. కానీ కౌన్సెలింగ్ గదిలో పుస్తకాల తెలుగులో అడిగిన ప్రశ్నకు నోరు పెగలని అన్న, సింగడి వేషం కట్టి తన గోడంతా సింగడి మీద పెట్టి చెప్పేయగలడు. ఎరుకల పెద్దమ్మ కుర్రు భాషలో పాడగలదు. బుట్ట అల్లే చేతికి సాయంత్రం ఒక పని ఉంటుంది.

"పాటలతో తాగుడు పోతుందా?" అని నవ్వేవాళ్ళు నెల్లూరు చరిత్ర చదవాలి. అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. చదువుల పుస్తకంలో సీతమ్మ కథ అనే పాఠం వచ్చింది. అందులో తమ ఇంటి బాధ కనబడి దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో నిషేధం ఎత్తేశారు, అది వేరే కథ. పాఠం, పాట జనంవైతే ప్రభుత్వాలు కదిలాయన్నది మాత్రం నిజం.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. మన ఆటపాటకూ సీసాకూ ముడిపడి చాలా కాలమైంది. చావుకో జాతరకో డప్పు కొట్టినవాడికి డబ్బులు సగం, మిగతా సగం సీసా. "తాగితేనే బాగా కొడతావురా" అంటారు. కుర్రాడు పదిహేనేళ్ళకే కూలిగా మందు తీసుకుంటున్నాడు. ఇది గౌరవం కాదు, కూలి ఎగ్గొట్టడం. ఈ ముడి తెంచకుండా కళతో వ్యసనం మాన్పుతామంటే అది ఒట్టి మాటే.

కళ అంటే మనకు గిట్టనిదేం లేదు. మన మీదే ప్రయోగించారు కాబట్టి దాని బలం మనకు తెలుసు. స్టువర్టుపురం పేరు మీద దొంగల సినిమాలు తీసి డబ్బు చేసుకున్నారు. స్థానం నరసింహారావు పుట్టిన బాపట్ల, ఆయన ఆడిన తెనాలి శ్రీరామవిలాస సభ, నాటకానికి పెట్టింది పేరు. ఆ పేరున్న నేల మీద మన కథను మనమే ఆడే చోటు ఏదీ?

అందుకే అడుగుదాం. ఒకటి, ఆడినా పాడినా కూలి డబ్బుగానే ఇవ్వాలి. సీసా ఇస్తే తీసుకోం. రెండు, ప్రభుత్వ డీఅడిక్షన్ కేంద్రాల్లో మన కళాకారులను జీతమిచ్చి పెట్టుకోవాలి. మూడు, ప్రతి కాలనీలో వారానికో సాయంత్రం మందు వాసన లేని ఆటపాట జరగాలి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు. నాలుగు, మైదాన ఆదివాసీల సభకూ మద్యం దుకాణాన్ని వద్దనే హక్కు చట్టంగా రావాలి.

తాగి పడిపోయినవాడిని చూసి నవ్వే గుంపులో మనం ఉండొద్దు. మానాలనుకునే అన్నకు పక్కన ఒక డప్పు, ఒక గొంతు, ఒక చోటు చూపిద్దాం. దుకాణాలు 3,396 పెట్టగలిగిన ప్రభుత్వం, మన కాలనీకి ఒక పాటల పందిరి వేయలేదా? వేసేదాకా అడుగుదాం.

జై ఆదివాసీ!